ఫొటో కోసం మళ్లీ ఒక పందెం

"కోళ్లను నేనేమన్న కొట్లాడిపిచ్చిన్నా అమ్మమ్మా? ఫొటో తీసిన, గంతే."

"తీసేటోళ్లు ఉంటే పెట్టేటోళ్లకు ఇంకింత ఊపు. మీ ఇద్దరి నడుమ సచ్చేది కోడి."

"తప్పని నలుగురికి తెల్వాలంటే ఎవరో ఒకరు తియ్యాలె గదా. నువ్వు మాత్రం కోడికూర వండుత లేవా?"

"కూరకైతే ఒక్క వేటుకు కోస్త. సుట్టూ మందిని నిలబెట్టి చప్పట్లు కొట్టియ్య."

నా మనవరాలు జనగామలో ఒక స్టూడియోలో పనిచేస్తుంది, పెళ్లి ఫొటోలు తీస్తుంది. సెలవు పెట్టి తొర్రూరు పక్కన మా ఊరికి వచ్చింది. ముందురోజు సాయంత్రం పత్తిచేను గట్టున జరిగిన కోడిపందెం తీసి ఫోన్‌లో స్టేటస్ పెట్టింది. కింద 'ఇది పాపం' అని రాసింది. నా చదువు మూడో తరగతితో ఆగింది. అయినా పుంజు పెద్దగా, పాపం చీమ తలకాయంత ఉందని నాకూ కనబడింది. పైగా చార్జింగుకు కాలింది నా ఇంటి కరెంటు.

మా మాట తెగకముందే పక్కింటాయన వచ్చాడు. పందెంలో గెలిచిన ఎర్ర పుంజు ఆయనదే. కొట్లాటకు వచ్చాడేమోనని నేను నడుము బిగించాను. ఆయన ముఖమంతా నవ్వే. ఫొటో చూసి ఊళ్లో అందరూ పుంజును మెచ్చుకుంటున్నారట. కింద రాసింది చదివావా అని అడిగితే, రాత ఎక్కడుంది పెద్దమ్మా అన్నాడు. తర్వాత మనవరాలి వైపు తిరిగాడు.

"కోడలా, నిన్న పొద్దుగూకంగ రెక్కలు మంచిగ పడలే. రేపు ఎండపొద్దుల నీ కోసమే ఇంకోసారి దింపుతం. పెద్ద కెమెరా పట్టుకొని రా."

పుంజు కాలి గాయం ఇంకా మానలేదు కదా మామా అంది పిల్ల. కట్టు కనబడకుండా తియ్యమన్నాడు ఆయన.

ఆయన వెళ్లాక పిల్లకు అన్నం పెట్టాను. ఫొటో కోసం పెళ్లికొడుకుతో తలంబ్రాలు మళ్లీ పోయించే అలవాటు నీదే కదా, ఆయనకూ అంటుకున్నట్టుంది అన్నాను. నవ్వలేదు. అన్నం సగంలో వదిలేసింది. పారబోయడం ఎందుకని మజ్జిగ పోసుకుని నేనే తిన్నాను.

తెల్లారి అది కెమెరా లేకుండా పక్కింటికి వెళ్లింది. నేను రాను మామా, స్టేటస్ కూడా తీసేసిన అని చెప్పింది. ఆయన కాసేపు అలిగాడు. ఫొటోలే లేకపోతే ఇంక ఎందుకని, రావలసినవాళ్లకు ఫోన్ చేసి వద్దన్నాడు. పుంజును గంప కింద మూసి పత్తి ఏరడానికి పోయాడు. మనవరాలు జనగామ బస్సెక్కింది.