ఇరవై రెండు అంగలు

ఆ రోజుల్లో మా ఊళ్ళో దేన్నీ టేపు పెట్టి కొలిచిన గుర్తు లేదు నాకు. పూలు మూరల్లో కొలిచేవాళ్ళు, చేను అంగల్లో కొలిచేవాళ్ళు, హైవే ఎంత దూరమని అడిగితే రెండు బీడీల దూరమనేవాళ్ళు. ఎవరి చెయ్యి ఎంత పొడుగో, ఎవరు బీడీ ఎంత నిదానంగా కాలుస్తారో అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు. మా క్రికెట్ పిచ్ కూడా అంతే. ఇరవై రెండు గజాలుండాలని రూలు. గజానికో అంగ చొప్పున ఇరవై రెండు అంగలు. ఆ అంగలు వేసే హక్కు మా కెప్టెన్ స్తంభం అన్నకే ఉండేది.

పేరుకు తగ్గట్టే ఆరడుగుల మూడంగుళాల మనిషి. ముక్త్యాలలో సిమెంటు లోడెత్తుకుని వారమంతా ఎక్కడెక్కడో లారీ తోలేవాడు. ఎక్కడ తిరిగినా ఆదివారం పొద్దున్నకి ఊళ్ళో ఉండేవాడు. చర్చిలో ఆరాధన అయిపోగానే ఆ తెల్ల బట్టలతోనే అందరం గ్రౌండుకి నడిచేవాళ్ళం. జట్టులో ఎనిమిది మందిమి చర్చికి వెళ్ళేవాళ్ళమే కావడంతో మాకు యూనిఫారం కుట్టించుకునే అవసరం రాలేదు. (మిగతా ముగ్గురూ గేటు బయట కిట్టు పట్టుకుని, పాస్టరుగారు ఎప్పుడు ముగిస్తారా అని మాకంటే శ్రద్ధగా ప్రసంగం వినేవాళ్ళు.) ఆటలో అన్న ఎవరినీ కసిరి ఎరగడు. క్యాచ్ వదిలేసినవాడి భుజం మీద చెయ్యి వేసి, ఎండ కళ్ళల్లో పడిందిలేరా అనేవాడు, మబ్బు పట్టిన రోజైనా సరే. నాకు అతనంటే ఎంత ఇష్టమో చెప్పడానికి అప్పట్లో సిగ్గుపడ్డాను గానీ ఇప్పుడు చెప్పేస్తున్నాను. చాలా ఇష్టం.

ఇక నేను. ఐదడుగుల రెండంగుళాలు. నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారుగా చేరి ఆర్నెల్లయింది. జట్టులో నా నంబరు పదకొండు. స్కోరు రాయడానికి ఇంకో మనిషి దొరికి ఉంటే ఆ పదకొండు కూడా దక్కేది కాదు. అయినా జట్టు మొత్తానికి మాస్టారిని నేనొక్కణ్ణే కాబట్టి ఏ విషయంలో తగువొచ్చినా నా మాటే చివరి మాట. ఆ గౌరవమే నా కొంప ముంచింది.

ఆ యేడు నందిగామ గ్రౌండులో పెట్టే పోటీల్లో ఒక్క జట్టుకి చోటు మిగిలింది. మేమూ, ముక్త్యాల ఫ్యాక్టరీ కుర్రాళ్ళూ ఇద్దరం అడిగాం. మీలో మీరే ఆడి తేల్చుకోండి, గెలిచినవాళ్ళు రండి అన్నారట. ఆట మా ఊళ్ళో పెట్టుకున్నాం. అప్పటికే అన్నకి మోకాలు నొప్పి మొదలైంది. ముందు వారం ఇంటికి నడుస్తూ నాతో అన్నాడు.

"నందిగామ గ్రౌండులో ఒక్కసారి బ్యాటు పట్టుకుని, ఇంక మానేస్తా తమ్ముడూ."

తీరా ఆ ఆదివారం అతని లారీ టైరు పరిటాల దగ్గర పేలింది. నేను వచ్చేదాకా ఆపొద్దు, మొదలుపెట్టండి అని ఫోను చేశాడు. పాస్టరుగారేమో ఎన్నడూ లేనిది ఆ రోజే తొందరగా ముగించారు. అవతలి జట్టు వచ్చి కూర్చుంది. పిచ్ ఎవరు కొలవాలి? అందరూ నా వైపు చూశారు. నేను ముగ్గు డబ్బా చేతిలోకి తీసుకుని, అంతమంది చూస్తున్నారు కదా అని తల ఎత్తుకుని, పెళ్ళికొడుకులా నడిచాను. దానికి తోడు కొత్తగా కుట్టించిన ప్యాంటు, మోకాళ్ళ దగ్గర బిగుతు. ఇరవై రెండు లెక్కపెట్టి గీత గీశాను.

మా కీపరు కాసేపు చూసి, పిచ్ పొట్టిగా కనపడతందేంటి అన్నాడు. నేను వాడికి పాఠం చెప్పాను. నేల వేడెక్కితే దాని మీది గాలి పలచనవుతుంది, వెలుతురు వంగుతుంది, దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది, ఎండమావి కూడా అలాంటిదే అన్నాను. (ఇందులో ఎంత నిజముందో నా స్టూడెంట్లు అడక్కపోవడం నా అదృష్టం.) వాడు తలూపి వెళ్ళిపోయాడు.

టాసు ఓడి ముందు మేమే ఆడాం. వాళ్ళ బౌలరు బక్కపల్చటి కుర్రాడు. వాడి మొదటి బంతికి మావాడు బ్యాటు ఎత్తాడు, దించేలోపు వికెట్లు లేచిపోయాయి. రెండోవాడూ అంతే. వచ్చినవాడల్లా వీడు మామూలోడు కాదురా అంటూ తిరిగొచ్చి కూర్చున్నాడు. అందరికంటే ఆశ్చర్యపోయింది ఆ కుర్రాడే. ప్రతి వికెట్టుకీ తన చెయ్యి తనే తిప్పి చూసుకున్నాడు. పద్నాలుగు పరుగులకి ఐదుగురు పోయారు. మూడోవాడు పోయినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఐదోవాడు పోయేసరికి అనుమానం కాస్తా ఖాయమైంది. అయినా నోరు తెరవలేదు. స్కోరు పుస్తకంలో తల దూర్చి, ఎండమావి గురించి అంత వివరంగా చెప్పినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

అప్పుడు వచ్చాడు అన్న, చేతులకి గ్రీజుతోనే. దిగి, అంత దగ్గర్నుంచి వస్తున్న బంతుల్ని ఎలా ఆడాడో గానీ ఇరవై పరుగులు తీశాడు. మొత్తం నలభై ఎనిమిదికి ఆలౌటయ్యాం. మిగతావాళ్ళు నీళ్ళు తాగుతుంటే అతనొక్కడే పిచ్ మీద ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచాడు. పెదాలు కదులుతున్నాయి. వికెట్ల దగ్గరికొచ్చేసరికి అతని లెక్క పదహారు దగ్గరే ఆగిపోయింది. నా దగ్గరికొచ్చి, కొలిచింది ఎవరని నెమ్మదిగా అడిగాడు. నేనే అన్నాను.

జట్టంతా మూగింది. ముందు నన్ను తిట్టారు, తర్వాత తేరుకుని ఆలోచించారు. మా కీపరు చెప్పింది సబబుగానే ఉంది. వాళ్ళూ దీని మీదే ఆడాలి, మన బౌలర్లు వాళ్ళకంటే స్పీడు, ఇంత దగ్గర్నుంచి వేస్తే నలభై ఎనిమిది కాదు, ఇరవై కూడా కొట్టలేరు, నోరు మూసుకుంటే నందిగామ మనదే. నేను మనసులో ఆమెన్ అన్నాను. అన్న విన్నాడు. ఒక్క నిమిషం నేల చూశాడు. తర్వాత తిన్నగా వాళ్ళ కెప్టెన్ దగ్గరికి నడిచాడు.

"పిచ్ పొట్టిగా ఉందండి. తప్పు మాదే. సరిచేసి ఇస్తాం, మీరు దాని మీద ఆడండి. మా పరుగులు మాత్రం అవే."

వాళ్ళ కెప్టెన్ నమ్మలేనట్టు చూశాడు. మరి సరిగ్గా కొలిచేదెలా? చర్చి పక్కన గది కడుతున్న మేస్త్రీ ఇంట్లోనే ఉన్నాడంటే టేపుతో సహా పిలుచుకొచ్చారు. కొలిస్తే నా పిచ్ పదిహేడున్నర గజాలు తేలింది. అందరూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఎండమావి మాస్టారు అనే పేరు అక్కడే, ఆ క్షణానే పడింది. మేస్త్రీ అంతటితో ఊరుకోవచ్చు కదా. మరి రోజూ కొలిచేదెట్టాగో చూపించు అని అన్నని అడిగాడు. అన్న ఎప్పట్లాగే ఇరవై రెండు అంగలు వేసి నిలబడ్డాడు. టేపు పరిచారు. ఇరవై ఐదు గజాలు.

పన్నెండేళ్ళుగా మా ఊరి జట్టు ఇరవై ఐదు గజాల పిచ్ మీద ఆడుతోంది. మా బ్యాట్స్‌మెన్ గొప్పతనమంతా ఆ మూడు గజాల చలవే. అవతలి జట్టు వాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. అన్న టేపు వైపు చూశాడు, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు, నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"వీడిది ఒక్క రోజు తప్పు. నాది పన్నెండేళ్ళ తప్పు. వీణ్ణి ఎవరూ ఏమీ అనమాకండి."

అని అందరికంటే ముందు అతనే నవ్వాడు. ఇంక ఎవరాగుతారు?

ఆట మాత్రం పోయింది. ఇరవై ఐదు గజాలకి అలవాటుపడిన మా బౌలర్ల చేతులకి ఇరవై రెండు అర్థం కాలేదు. బంతులు నేల తాకకుండా ఛాతీ మీదకి వెళ్ళాయి, వాళ్ళు వరసపెట్టి కొట్టారు. ఎనిమిది ఓవర్లలో ముగిసింది. అన్న వెళ్ళి వాళ్ళందరితో చేతులు కలిపాడు. వికెట్లు తనే పీకాడు. నేను వాళ్ళ మోటారు బళ్ళ వెనక నిలబడి ఏడ్చాను. ఇరవై మూడేళ్ళ మాస్టారు, ముక్కు తుడుచుకుంటూ. నన్నెవరైనా తిట్టి ఉంటే అంత ఏడుపు వచ్చేది కాదు.

ముక్త్యాల కెప్టెన్ ఆ కథ నందిగామలో చెప్పాడట. పోటీలకి అంపైరుగా రమ్మని అన్నకి కబురొచ్చింది. ఉతికిన చర్చి బట్టలు వేసుకుని, కొత్త టేపు కొనుక్కుని మరీ వెళ్ళాడు. ఆటకి ముందు పిచ్ కొలిచినప్పుడు రెండో కొస పట్టుకుంది నేనే. మధ్యాహ్నం భోజనాలకి అందరూ చెట్ల కిందకి వెళ్ళారు. గ్రౌండు ఖాళీగా ఉంది. అన్న ఎవరిదో బ్యాటు తీసుకుని క్రీజులో నిలబడి, ఒక్క బంతి వెయ్యి తమ్ముడూ అన్నాడు. నా బంతి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. అన్న ముందుకొక్క అంగ వేసి కొట్టాడు. బంతి నా పక్క నుంచే తిన్నగా గీత దాటిపోయింది. చప్పట్లు కొట్టడానికి నేనొక్కణ్ణే. కొట్టాను. అన్న బ్యాటు ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి, చాలు అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ పట్టలేదు.

ఆ టేపు ఇప్పుడు నా దగ్గరుంది. మా స్కూలు పిల్లల ఆటకి పిచ్ నేనే కొలుస్తాను. మొన్న ఆదివారం టేపుతో కొలిచేశాక, ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని, ఒకసారి నడిచి లెక్కపెట్టుకున్నాను. అప్పటి బిగుతు ప్యాంటుతో అయితే ఇరవై ఎనిమిది అంగల్లో అయ్యేది. ఇప్పుడు ముప్పై పడుతున్నాయి. చివరి అంగ మాత్రం అన్నలా బారుగా వేద్దామని కాలు చాచాను. నడుం పట్టేసింది. పిల్లలు పరిగెత్తుకొచ్చి ఏమైంది సార్ అని అడిగితే, ఎండ కళ్ళల్లో పడిందిలేరా అన్నాను.