అప్పలనాయుడు గారి అమెరికా పాట

రెండు వేల ఇరవై మూడు. సింగపూర్‌లో పిల్లలకు జూన్ సెలవులు నడుస్తున్నప్పటి మాట ఇది. పాత షాపింగ్ కాంప్లెక్సు మూడో అంతస్తులో, గడియారాలు బాగుచేసే చైనా ముసలాయనకూ జాకెట్లు కుట్టే మలయ్ ఆవిడకూ మధ్య నా కొట్టు. మంచం వేస్తే మనిషి నిలబడటానికి చోటుండదు. అక్కడ నేను రికార్డు ప్లేయర్లు బాగుచేస్తాను. ఈ రోజుల్లో అవి ఎవరికి కావాలి అని అడిగేవాళ్ళు చాలామంది. కావలసినవాళ్ళు ఉన్నారు కాబట్టే కొట్టు ఉంది.

నేను చదువుకున్నదాన్ని కాదు. చిన్న వయసులోనే ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ లైనులో కూర్చున్నాను. వైరు రంగు చూసి, మరచుట్టు చూసి పని నేర్చుకున్నాను. అంకెలు అక్కడే వచ్చాయి. తెలుగు అక్షరాలు మాత్రం అరవై దాటాక, మనవరాలిని ఆదివారం బడికి దింపడానికి వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాను. చుట్టూ తిప్పి రాయడం వాళ్ళు నేర్పలేదు, నాకు రాదు కూడా.

ఆ రోజు నెలలు నిండుతున్న ఒక అమ్మాయి, వెనకాల ఒక పెద్దాయన వచ్చారు. ఆయన చేతిలో సూట్‌కేసులాంటి పాత ప్లేయర్. దాని బరువుకి ఒక పక్కకి ఒంగిపోయాడు, అయినా అమ్మాయిని ముట్టుకోనివ్వడం లేదు. ఆయన పేరు అప్పలనాయుడు. సెంబవాంగ్‌లో పుట్టి, అక్కడి డాక్‌యార్డులోనే పనిచేసి రిటైరై, ఇప్పటికీ అక్కడే ఉంటున్న మనిషి. అమ్మాయి ఆయన మనవరాలు దివ్య, సెంగ్‌కాంగ్‌లో కాపురం.

"ఆంటీ, దీన్ని ఎలాగైనా బతికించాలి," అంది దివ్య.

"బతికించడానికి నానేటి డాక్టర్నా? ఏటయ్యిందో సెప్పు."

మా అమ్మానాన్నలది విజయనగరం వైపు. నా మాట వినగానే ఆయన ముఖం వెలిగింది, పెట్టె బల్ల మీద దించాడు. "మనోళ్ళేనన్నమాట! ఏటీ నేదు సెల్లీ. చక్రం గోలెట్టి గోలెట్టి ఆగిపోనాది."

మూత తీశాను. అమెరికాలో తయారైన పెట్టె. పక్కనే ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్. అమెరికాలో ఇళ్ళకు వచ్చే కరెంటు మనదానిలో సగం వోల్టేజీ, అందుకని మన కరెంటును సగానికి తగ్గించి ఇచ్చే డబ్బా అది. లోపల ఒకే ఒక్క రికార్డు ఉంది. ఫార్టీఫైవ్ అంటారు, ఒక్కో వైపు ఒక్కో పాట పట్టే చిన్న రికార్డు. అట్ట మీద గళ్ళ చొక్కాలు వేసుకున్న ముగ్గురు కుర్రాళ్ళు, చేతుల్లో బాంజో, గిటార్లు. "అమెరికాలో నంబర్ వన్" అని ఎర్రగా అచ్చువేసి ఉందని దివ్య చదివి చెప్పింది.

అలాంటి రికార్డులు నాకు కొత్త కాదు. అమెరికాలో ఏ పాట ఎక్కువ నడిచిందో చూసి వారంవారం వరస కడతారు. దాన్ని చార్ట్ అంటారు. పందొమ్మిది వందల అరవై అటూ ఇటూ కొన్నేళ్ళపాటు ఆ వరసలో జానపద పాటలు పైకి ఎక్కాయి. కూలివాళ్ళవి, పడవవాళ్ళవి, ఖైదీలవి. ఎవరు కట్టారో తెలియని పాటల్ని కాలేజీ కుర్రాళ్ళు ఉషారుగా పాడితే దేశమంతా కొనుక్కుంది. కొన్ని ఓడలెక్కి ఇక్కడికీ వచ్చాయి.

"మా అయ్య ఓడలకి రంగులేసేవోడు," అన్నాడు అప్పలనాయుడు. "రిపేరుకొచ్చిన అమెరికా ఓడలో సైలరొకడు ఎల్లిపోతా పెట్టే, పాటా రెండూ ఇచ్చీసినాడు. పని దిగి ఇంటికి పోతన్న మనిషి పాట. మా అమ్మకి ఇంగ్లీసు ముక్క రాదు. అయినా ఆ వరసకి తెలుగు మాటలు కట్టి మమ్మల్ని నిద్రపుచ్చేది. నా పిల్లలూ దానికే పడుకున్నారు. ఇదిగో, ఇదీనీ."

"బేబీకి కూడా కావాలి ఆంటీ," అంది దివ్య. "అందుకే తాత పాడితే ఫోన్‌లో రికార్డ్ చేద్దామని. తాతకి థైరాయిడ్ ఆపరేషన్ ఉంది. తర్వాత వాయిస్ మారిపోవచ్చు అన్నారు డాక్టర్. లేట్ చెయ్యొద్దని కూడా అన్నారు. ఈయనేమో వాయిదా వేస్తూనే ఉన్నారు."

"పాట పడితేగాని నాను ఆపరేసన్ బల్ల ఎక్కను," అన్నాడాయన.

"ఇప్పుడే పాడీయరాదేటి అన్నియ్యా? పెట్టెతో పనేటి?" అన్నాను.

"పెట్టె నేకుండా ఎప్పుడు పాడినాను? ఆళ్ళు ముగ్గురూ, నానొకడ్ని. నలుగురం కదా!"

ఇక వాదించలేదు. వారం తర్వాత రమ్మన్నాను.

పెట్టె లోపల జబ్బు పెద్దదేమీ కాదు. మోటారు తిరుగుడును పైన పళ్ళేనికి అందించే రబ్బరు చక్రం ఒకటుంటుంది, ఐడ్లర్ అంటాం. అది ఎండి పలకలు తేలింది. కొత్త రబ్బరు వేశాను. అప్పుడే మోటారు కడ్డీకి తొడిగిన ఇత్తడి పుల్లీ మీద చిన్నగా చెక్కిన అంకె కనిపించింది. అరవై.

ఇక్కడ కొంచెం పనిమాట చెప్పాలి. మన కరెంటు సెకనుకు యాభైసార్లు కొట్టుకుంటుంది, అమెరికాది అరవైసార్లు. ఇలాంటి పాత మోటారు ఆ కొట్టుకోవడాన్ని బట్టే తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గాని దీన్ని మార్చలేదు. కాబట్టి అమెరికా ప్లేయర్ ఇక్కడ మెల్లగా నడుస్తుంది. దానికి మందు, కొంచెం లావుపాటి పుల్లీ తొడగడం. నా డబ్బాలో సరిపోయేది ఉంది. తొడిగాను. పళ్ళెం మీద స్ట్రోబ్ డిస్క్ పెట్టాను. నల్ల గీతలున్న అట్టబిళ్ళ అది. నియాన్ దీపం కింద తిప్పినప్పుడు గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే స్పీడు సరైనది. గీతలు గోడకు కొట్టిన మేకుల్లా నిలబడ్డాయి. అడగని పని కూడా చేసిపెట్టానని సంతోషపడ్డాను.

తీసిన భాగాన్ని పారేయకుండా ప్లాస్టిక్ సంచిలో వేసి కస్టమర్‌కు ఇచ్చేయడం మా ఫ్యాక్టరీ నాటి అలవాటు. మార్చామన్నది నిజమని వాళ్ళు కళ్ళతో చూసుకోవాలి. పాత పుల్లీని అలాగే కట్టి ఉంచాను.

వారం తర్వాత ఇద్దరూ వచ్చారు. రికార్డు పెట్టాను. బాంజో జలజలా మొదలైంది. ముగ్గురు కుర్రాళ్ళూ గొంతెత్తారు. పక్క కొట్లో మలయ్ ఆవిడ కాలు ఆడిస్తూ తల ఊపింది. అప్పలనాయుడు కళ్ళు మూసుకుని అందుకోబోయాడు. మొదటి మాట పలికింది. రెండో మాట దగ్గర గొంతు చిట్లింది. మళ్ళీ అందుకున్నాడు. ఈసారి దగ్గు వచ్చింది. పాట ఆయన్ని వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది.

ఆయన మెడ మీద గడ్డ ఉన్నచోట చెయ్యి పెట్టుకున్నాడు.

"పోనాది," అన్నాడు.

"తాతా, కొంచెం వాటర్ తాగి మళ్ళీ..."

"పోనాదే తల్లీ! కోత కొయ్యకముందే పోనాది. ఇంకేటి రికార్డు చేస్తావు? ఆసుపత్రికి ఫోన్ చేసి సెప్పీ, రానని."

జబ్బు ముదిరిందేమో అనే అనుకున్నాను. ప్లేయర్‌ను మూసి, ప్లాస్టిక్ సంచిని పైన పెట్టి పంపించాను. లిఫ్టు దాకా కూడా ఆయన వెనక్కి చూడలేదు. వచ్చినప్పుడు ముట్టుకోనివ్వని పెట్టెను కాంప్లెక్సు కాపలా కుర్రాడు మోసుకెళ్తుంటే ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున్న, రాత్రి తాత దగ్గరే ఉండిపోయిన దివ్య నా ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ పంపింది. "ఆంటీ, వినండి. తాత కారిడార్‌లో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తూ పాడుతున్నారు. ఆయనకి తెలియదు నేను రికార్డ్ చేశానని. వాయిస్ ఓకే లా! నిన్న ఏమైంది మరి?"

మాట చివర ఆ 'లా' ఇక్కడి పిల్లల అలవాటు. విన్నాను. బాగా కింద స్థాయిలో, తీరుబడిగా, మెత్తగా వస్తోంది గొంతు. ఎక్కడా చిట్లలేదు. వరస అదే. కానీ నిన్న ముగ్గురు కుర్రాళ్ళు పాడింది గెంతే పాట, ఇది ఊగే పాట. ఇంత దిగువన ఎవరు నేర్పారు ఈయనకి అనుకున్నాను. అప్పుడు నా చెయ్యి దానంతట అదే నియాన్ దీపం మీదికి పోయింది.

నేర్పింది ఆ పెట్టే. అరవై మార్కు పుల్లీ మీద ఇన్నేళ్ళూ మెల్లగా తిరిగి, ముగ్గురు కుర్రాళ్ళ గొంతుల్ని కిందికి దించి, ఉషారు పాటని జోలపాట చేసి పెట్టింది. ఆ ఇంట్లో అందరూ పాడింది ఆ స్పీడుకే. నేను సరైన స్పీడు పెట్టేసరికి పాట ఆయనకు అందనంత పైకి ఎక్కి కూర్చుంది.

కొట్టు మూసి, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని సెంబవాంగ్ ట్రైను ఎక్కాను.

తలుపు దివ్యే తీసింది. పెద్దాయన సోఫాలో టీవీ ముందు కూర్చున్నాడు. టీవీ ఆపేసి ఉంది.

"అన్నియ్యా, నీ గొంతు ఎక్కడికీ పోనేదు. నీ పాట పరుగెట్టింది, అంతే," అన్నాను చెప్పులు విప్పుతూనే.

"ఊరడించడానికి ఇంత దూరం ఒచ్చినావేటి సెల్లీ?"

"నాకు ఊరడించడం వొచ్చునా? మా ఇంట్లో అడుగు. పాత పుల్లీ ఏదీ? ఇత్తడి ముక్క, ప్లాస్టిక్ సంచిలో ఇచ్చినాను."

"అదా? సెత్తలో పడీసినాననుకుంటాను."

దివ్య వంటగదిలోకి పరుగులాంటి నడక నడిచింది. సొరుగు లాగిన చప్పుడు. "తాతా, మీరు ఏదీ పారేయరు కదా లా!" హాకర్ సెంటర్ తిండికొట్ల నుంచి తెచ్చి దాచిన చిల్లీ సాస్ పొట్లాల మధ్య దొరికింది సంచి.

పుల్లీ మారుస్తూ, యాభై, అరవై సంగతి ఆయనకు చెప్పాను. డాక్‌యార్డు మనిషి, మోటారు మాట వెంటనే అర్థమైంది. అర్థమయ్యాక ముఖం ఇంకా చిన్నబోయింది.

"రేడియోలో ఈ పాట ఎప్పుడైనా ఒస్తే, ఆళ్ళకి ఏదో తొందరపని ఉన్నాదనుకునేవోళ్ళం," అన్నాడు. "అంటే మేవే తప్పు పాడినావన్నమాట, ఇన్నాళ్ళూ."

"ఆ రికార్డు ప్రకారం తప్పే," అన్నాను. "మరి ఆ కుర్రాళ్ళకి ముందు ఎవుడో కూలోడు పాడుకున్నాడు కదా. ఆడు బాంజో పట్టుకుని గెంతినాడేటి? ఒళ్ళు అలిసిపోయి పాడుంటాడు. ఆడి పాటని ఆళ్ళు ఆళ్ళకి కావలసినట్టు పాడీసి నంబర్ వన్ చేసుకున్నారు. మీ అమ్మ తనకి కావలసినట్టు పాడుకుంది. ఆళ్ళనేటీ అనకుండా మీ అమ్మనే తప్పంటావేటి?"

నేను సూది దించాను.

పాట వచ్చింది. అదే రికార్డు, అదే ముగ్గురు. కానీ ఇప్పుడు వాళ్ళు కుర్రాళ్ళు కారు, రోజంతా పనిచేసి వస్తున్న నడివయసు మగవాళ్ళు. బాంజో ఒక్కో చుక్కా రాలుస్తోంది. అప్పలనాయుడు రెండు వరసలు ఊరికే విన్నాడు. దివ్య ఫోనులో రికార్డింగ్ నొక్కి టీపాయ్ మీద పెట్టింది. మూడో వరసకి ఆయన వాళ్ళతో కలిశాడు.

"పొద్దు గూకినాది బాబూ, పని దిగినాడు మీ అయ్యా,
పడవలన్నీ కట్టీసినారు, పడుకోరా నాయినా..."

ఎక్కడా తడబడలేదు. నలుగురూ కలిసి ఇంటికి నడిచి వచ్చారు.

పాట అయ్యాక సూది ఎత్తాను. ఆయన ఫోను వైపు చూశాడు. "మద్దిలో కింద బస్సు హారన్ కొట్టినాడు. మళ్ళీ పట్టు," అన్నాడు.

"ఉండనీ తాతా. బేబీ సింగపూర్ బేబీ కదా, బస్ సౌండ్ ఉంటేనే పడుకుంటుంది," అంది దివ్య. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అయినా ఇంకో రెండుసార్లు పాడాడు. తర్వాత తనే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ముందు రానని చెప్పించినందుకు అక్కడి నర్సు దగ్గర చీవాట్లు తిని, తొందరలో ఏ రోజు ఖాళీ ఉందో అడిగి ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతుకి కొంచెం జీర వచ్చింది, మాటకు ఇబ్బంది లేదు. దివ్యకు ఆడపిల్ల పుట్టింది. మొదట్లో ఫోనులో పాటకే పడుకునేదట. ఇప్పుడు ఫోను తోసేసి ముసలాయన ఒళ్ళోకే ఎక్కుతుందట. జీర గొంతుతోనే పాడించుకుంటోంది. ఆ పిల్లకు పాట అంటే అదే.

అప్పటి నుంచి నా పని పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. ఎవరైనా ప్లేయర్ తెస్తే మూత తీయకముందే, "దీంట్లో మీరు వినే పాట ఒకసారి పాడండి," అంటాను. సిగ్గుపడతారు, నవ్వుతారు. బ్యాంకు ఆఫీసరు ఒకాయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి పాడాడు. పాడించకుండా మాత్రం ఒప్పుకోను. స్ట్రోబ్ డిస్క్ తర్వాతే బయటికి వస్తుంది. పెట్టె ఎలా తిరగాలో ఆ గీతలు చెబుతాయి. ఆ ఇంట్లో అది ఎలా తిరిగిందో పాడినవాళ్ళే చెప్పాలి.

ఆ రోజు సెంబవాంగ్ నుంచి వచ్చేసే ముందు, ఒక స్టిక్కర్ అడిగి తీసుకుని నా పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, ప్లేయర్ మూత లోపల అంటించాను. దివ్యకు తెలుగు చదవడం రాదు, నేనే చదివి వినిపించాను.

"బట్ ఆంటీ, నెక్స్ట్ టైమ్ రిపేర్ చేసేవాళ్ళు చైనీస్ అంకుల్ అయితే?" అంది. సరేనని దాని కింద ఇంగ్లీషులో తననే రాయమన్నాను.

నేను రాసింది ఇది: "ఈ పెట్టె మెల్లగా తిరుగుతుంది. ఎవరూ బాగుచేయవద్దు."