రెడ్డిగూడెం సాయంత్రం బస్సు

మా రెడ్డిగూడేనికి సాయంత్రం బస్సు వేయమని అడగడానికి ఈ రోజు దర్జీ కాశిం, ఆయన కూతురు ఫాతిమా, బడిపంతులుగా నేను తిరువూరు వెళ్లాం. తిరిగి రావడానికి ఆ బస్సు ఉంటేనే ఫాతిమా అక్కడి హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో చేరగలదు. బస్సుల ఆఫీసరు అంతా విని, మాకు టీ ఇప్పించి, "ఇట్ మే సర్టన్లీ కమ్" అంటూ లేచి వెళ్లిపోయాడు.

"ఏమన్నాడు మాస్టారూ?" అన్నాడు కాశిం.

"మే అంటే రావచ్చని. సర్టన్లీ అంటే ఖాయంగా అని."

"ఖాయమైతే రావచ్చు అనడమేంటండీ?"

నాకూ అదే అర్థం కాలేదు.

కాశిం ఆలోచించి, "వచ్చుద్దిలెండి. లేదనేవాడు టీ ఎందుకు ఇప్పిస్తాడు?" అన్నాడు. మా వైపు ఉత్త చేతులతో పంపాల్సినవాళ్లకే ముందుగా టీ ఇస్తారు. ఆ మాట నేను పైకి అనలేదు.

"మరి నేను బళ్లో చేరనా మాస్టారూ?" అని ఫాతిమా అడిగింది.

"చేరవచ్చమ్మా, తప్పకుండా" అన్నాను.

ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"మాస్టారేమన్నారు నాన్నా?"

ఇంటికొచ్చినా నాకు తేలలేదు. నేనేమన్నట్టో మీరే చెప్పండి.