రోజూ మూడు ట్యూబులు

బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇల్లు గుడివాడలో. పొద్దున్నే రైలెక్కి వచ్చి, ఏడయ్యేసరికి ట్రే పట్టుకుని వార్డులోకి వెళ్ళి, ఎవరికి ఏ పరీక్షలు రాశారో చూసి రక్తం తీయడం నా పని. ఎందుకు రాశారని ఇన్నేళ్ళలో ఎవర్నీ అడగలేదు. అది నా ఉద్యోగం కాదనుకున్నాను. కిందటేడు వానాకాలంలో దివిసీమ నుంచి వచ్చిన ఒక మామ్మగారి దగ్గర ఆ అభిప్రాయం చెదిరిపోయింది.

ఆవిడకి డెబ్భై దాటాయి. కోడూరు అవతల రొయ్యల చెరువు గట్టు మీద నడుస్తుంటే తుప్పు పట్టిన రేకు కాలికి గీసుకుంది. పట్టించుకోలేదు. పాదం నుంచి మోకాలి దాకా వాచి, జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే తీసుకొచ్చారు. గుడివాడలో బట్టల కొట్లో పనిచేసే కూతురు సెలవు పెట్టి పక్కన కూర్చుంది. ఆ రోజు రాసిన పరీక్షలన్నీ కావలసినవే. అవి లేకపోతే ఏ మందు ఎంత ఇవ్వాలో తెలియదు.

మందు పనిచేసింది. నాలుగో రోజుకి జ్వరం పోయింది, వాపు తీస్తోంది. ఆవిడ లేచి కూర్చుని, క్యాంటీన్ చట్నీలో ఉప్పు లేదని కూతురితో చెబుతోంది. నాకిచ్చే పరీక్షల కాగితం మాత్రం మారలేదు. మొదటి రోజు ఎవరో పరీక్షల పక్కన ‘రోజూ’ అని రాశారు. తర్వాత ఎవరూ దాన్ని కొట్టేయలేదు. రక్తకణాలు, కిడ్నీ, లివరు, సోడియం, పొటాషియం. రోజూ మూడు ట్యూబులు. నిన్న బాగున్న లివరు ఇవాళ పాడవుతుందా అని నాకే అనిపించేది. అయినా తీసేదాన్ని.

“ఏవమ్మాయ్, రోజూ పట్టుకెళ్తున్నావు. ఎక్కడ దాస్తున్నావు ఇదంతా?” అంది ఐదో రోజున.

“పరీక్ష చేసి పారబోస్తామండి మామ్మగారూ.”

“పారబొయ్యటానికా ఇంత గుచ్చటం?” అని చెయ్యి చాపింది. మోచేతుల మడతల్లో చర్మం కమిలిపోయి ఉంది. నరం ఒక పట్టాన దొరకలేదు.

కూతురు మాత్రం నన్నే బతిమాలింది. “మా అమ్మ అట్టాగే అంటదండీ. మీరు ఏ టెస్టూ వదలకండి, అన్నీ చేయించండి.” పరీక్ష ఎక్కువైతే వైద్యం ఎక్కువైనట్టని ఆ అమ్మాయి నమ్మకం. తప్పు పట్టలేను. ఆ నమ్మకం పెరగడంలో మా చెయ్యీ ఉంది.

ఆరో రోజు మోచేతి దగ్గర కుదరక, ముంజేతి వెనక సన్నటి నరంలోంచి కష్టపడి లాగాను. అలా లాగితే ఒక్కోసారి కణాలు చితికి, పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అదే జరిగింది. రిపోర్టు మీద ఆ సంగతి రాసి పంపాను. ఎవరూ చదవలేదు. అంకె చూసి గుండెకేమవుతుందోనని కంగారుపడి ఈసీజీ తీశారు, మళ్ళీ రక్తం పంపమన్నారు. రెండోసారి పొటాషియం మామూలుగానే ఉంది. నా సూది వల్ల వచ్చిన జబ్బుకి నా సూదితోనే పరీక్ష చేశాను.

ఎనిమిదో రోజు హిమోగ్లోబిన్ తొమ్మిదికి పడింది. చేరిన రోజు పదకొండు. మర్నాడు నా చేతికొచ్చిన జాబితా చూసి అక్కడే నిలబడిపోయాను. ఐరన్, బి పన్నెండు, ఇంకో నాలుగు. రక్తం ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి అయిదు ట్యూబుల రక్తం కావాలి. ఎక్కడైనా లోపల కారుతోందేమో చూడ్డానికి గొంతులోంచి గొట్టం వేయాలట. ఇంటికి పంపడం వాయిదా.

డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా పెద్దమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దదేమో. “డాక్టరు గారూ, ఇవన్నీ ఇవాళే కావాలా?” అన్నాను.

ఆ అమ్మాయి కోప్పడలేదు. చుట్టూ చూసి మెల్లిగా చెప్పింది. “నాకూ తెలుసక్కా. కానీ రౌండ్స్‌లో పెద్ద సార్ ఏదో ఒకటి అడుగుతారు. రిపోర్టు లేకపోతే అందరి ముందూ మాట పడాలి. ఎక్కువ పంపావేమని ఇంతవరకూ ఎవరూ నన్ను అడగలేదు.”

ల్యాబుకి వచ్చి రిజిస్టరు తీశాను. ఆవిడ పేరున వచ్చిన ట్యూబులూ, మొదటి రోజు సూక్ష్మజీవుల పరీక్షకి తీసిన కల్చర్ సీసాలూ, మళ్ళీ తీసినవీ అన్నీ కలిపి లెక్కేశాను. టీ గ్లాసు నిండి పొర్లేటంత అయింది. అదంతా నా చేత్తో తీసిందే. ఆ అయిదు ట్యూబులూ ఖాళీగా ట్రేలో పెట్టుకుని పెద్ద డాక్టరు గారి గది ముందు నిలబడ్డాను. ఇన్నేళ్ళలో రిపోర్టు అందించడానికి తప్ప ఆ గదిలో అడుగుపెట్టలేదు.

టీ గ్లాసు లెక్క చెబితే విన్నారు. ముఖం గంటు పెట్టుకున్నారు. “మీరు తీసిన రక్తంతోనే రెండు పాయింట్లు తగ్గదమ్మా. సెలైన్ ఎక్కి రక్తం పలచబడింది, ఇన్ఫెక్షన్ ఉంది. రేపు లోపల ఏదన్నా ఉండి మనం చూడలేదనుకో, ఎవరు జవాబు చెప్తారు?”

“నిజమేనండి. నాకంత చదువు లేదు. కానీ రక్తం లేదని రక్తం తీస్తున్నామండి. ఆవిడ అన్నం తింటోంది, నడుస్తోంది. రెండ్రోజులు తీయకుండా చూడకూడదా అండి?”

ఆయన కేసు షీటు తెప్పించి, మొదటి పేజీ నుంచి చదివారు. ‘రోజూ’ అన్న మాట దగ్గర ఆగి, “ఇది ఎవరు రాశారు?” అన్నారు. ఎవరి రాతో ఆయనకీ తెలియలేదు. కింద తన సంతకాలే తొమ్మిది ఉన్నాయి. కలం తీసి కొత్త పరీక్షలన్నీ కొట్టేశారు. “రెండ్రోజులు ఆగండి. మూడో రోజు ఒక్క ట్యూబు.”

మూడో రోజు హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర వచ్చింది. మామ్మగారు ఇంటికి వెళ్ళిపోయింది. నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు పదిన్నర దాటింది. గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు.

పెద్ద డాక్టరు గారు వార్డులో ఒక నియమం పెట్టారు. ‘రోజూ’ అని ఎవరూ రాయకూడదు. ఏ పరీక్ష కావాలన్నా ఆ పూట రాయాలి, ఎందుకో పక్కన ఒక్క ముక్క రాయాలి. చిన్న డాక్టరమ్మ ఫోన్ చేసి, “అక్కా, నిన్నటి శాంపిల్ ఉందా? దాంట్లోనే చేసేయండి” అనేది. పొద్దుటి నా ట్రే బరువు తగ్గింది. చేతులు కమిలిన వాళ్ళు తగ్గారు. వార్డులో ఎవరికీ కీడు జరగలేదు.

అది నాలుగు నెలలే నడిచింది. చిన్న డాక్టరమ్మ పై చదువుకి వెళ్ళిపోయింది. కొత్తవాళ్ళు వచ్చారు. కాగితాలు పోయి కంప్యూటరు వచ్చింది. అందులో ఒక్క గడి నొక్కితే పదకొండు పరీక్షలు వాటంతటవే పడతాయి, ఆపేవరకూ రోజూ పడతాయి. పక్కన కారణం రాయడానికి చోటే లేదు. పెద్ద డాక్టరు గారిని అడిగితే, “చెప్పానమ్మా, సాఫ్ట్‌వేర్ వాళ్ళు చూస్తామన్నారు” అని రౌండ్స్‌కి వెళ్ళిపోయారు. ఆయన మీద కోపం వచ్చింది. నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. మొదటి ఇరవై ఏళ్ళూ నోరు మూసుకున్నదాన్ని కదా.

మొన్న సోమవారం అవనిగడ్డ నుంచి వచ్చిన ఆటో డ్రైవర్‌కి పదకొండు పరీక్షలూ పడ్డాయి. అతను సంచి సర్దుకుని మంచం మీద కూర్చున్నాడు. “ఇంటికి పంపేస్తున్నారు కదండీ, మళ్ళీ ఎందుకండీ?” అన్నాడు. వార్డుకి ఫోన్ చేశాను. “సిస్టంలో ఉంది కదా మేడమ్, శాంపిల్ తీసుకోండి” అన్నారు. తీశాను. రిపోర్టు బయటికి వచ్చేసరికి అతను బస్సెక్కేశాడు. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరేటప్పుడు అది ప్రింటర్ మీదే ఉంది. ఎవరూ తీసుకోలేదు.