గుప్తకాలం నేర్పిన కామేశ్వరి గారు

ఊపిరితిత్తుల వైద్యురాలు కామేశ్వరి గారు మోవాలోని స్వగృహంలో కన్నుమూశారన్న వార్త టాటీబంధ్ కూడలిలో, లారీల నడుమ చిక్కుకున్న నాకు ఫోనులో అందింది. దినదినమూ ఆమె క్షీణించడం కళ్లారా చూసినవాణ్ణే. అయినా కారు పక్కకు తీసి ఆపుకున్నాను. నా గురువు పోయారు.

ఆమె దగ్గర శిక్షణ పొందిన మాకందరికీ మొదట నేర్పిన మాట గుప్తకాలం. హానికర పదార్థం దేహంలో ప్రవేశించిన నాటికీ, రోగలక్షణం తొలిసారి తలెత్తిన నాటికీ మధ్య నిశ్శబ్దంగా సాగే వ్యవధి అది. అంటువ్యాధి క్రిమికైతే పొదుగుకాలం అనాలనీ, ధూళికి గుప్తకాలమే సరైన ప్రయోగమనీ పట్టుబట్టేవారు. జలుబుకు రోజులు చాలు, ఆస్‌బెస్టాస్ ధూళికి దశాబ్దాలు పడుతుంది. ఆ దశాబ్దాల మధ్య ఉన్న మనిషిని "ఆరోగ్యవంతుడు" అని రాశామా, మండిపడేవారు. "ఇంకా లక్షణాలు లేవు అని రాయండి. రెండూ ఒకటి కాదు."

మందిర్ హసౌద్ నుంచి వచ్చిన ఒక విశ్రాంత కార్మికుడు, ఆస్‌బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో జీవితమంతా గడిపినవాడు, ఒకసారి హిందీ కలిసిన తెలుగులో విసుక్కున్నాడు. "నౌకరీ వదిలి ఎన్నో సాల్ అయింది డాక్టరమ్మా. కుచ్ తక్లీఫ్ లేదు. మళ్లీ ఎక్స్‌రే దేనికి?"

"నువ్వు ధూళిని వదిలావు నాయనా. అది నిన్ను వదిలిందో లేదో చూడొద్దూ?" అని నవ్వి, ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగారు. "ఇంట్లో నీ బట్టలు ఎవరు ఉతికేవారు?"

మర్నాడు అతని భార్యకూ ఎక్స్‌రే తీయించారు. ఆ ప్రశ్న మాకు చాదస్తంగా తోచేది.

ఆమెకే ఆ ధూళి రోగం బయటపడ్డాక గాని ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదు. "మీరు ఫ్యాక్టరీ గడప తొక్కలేదు కదా మేడమ్," అన్నాను.

"నాన్న తొక్కాడు. సాయంత్రం ఆయన చొక్కా నానబెట్టే ముందు వాకిట్లో దులపడం మా పని. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి చెల్లెలు పట్టుకునేవాళ్లం. ఎవరి వైపు ఎక్కువ రాలితే వాళ్లు గెలిచినట్టు."

తండ్రి మీద ప్రేమతో ఆడుకున్న ఆట అది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం తరువాతి రోగిని పిలవమన్నారు.

దహనం ముగిసి మేడమ్ ఇంటికి వచ్చాక చెల్లెలు సత్యవతి గారు గుమ్మం దగ్గర నన్ను ఆపారు. ఆమెకు దగ్గు లేదు, ఆయాసమూ లేదు. "డాక్టర్ బాబూ, ఏటా నా ఎక్స్‌రే ఫోటో అక్కే వెలుతురుకు ఎత్తి చూసేది. 'పోవే, ఈసారికి ఠీక్' అనేది. అది అన్నాకే నాకు నిద్ర పట్టేది. ఇప్పుడెవరు చూస్తారు?"

"నేను చూస్తానమ్మా," అన్నాను.

ఆ మహనీయురాలికి నేను అర్పించగల నివాళి ఆ ఒక్క మాటే. సత్యవతి గారు "అచ్ఛా బాబూ" అని తల ఊపారు గాని, ఆమె కళ్లలో భయం పోలేదు.