వియ్యంకుడు పీకిన ప్లగ్గు

ఎంకుస్ సురాబీ అట్లు పోసే తీరు చూసినవాళ్ళు, ఈయన ఒకప్పుడు అరుపులతో బతికిన మనిషంటే నమ్మరు. మట్టి మూకుడులో పిండి పోసి, మూత పెట్టి, పొయ్యిలో పుల్ల ఎగదోసి, "కారందా, తీపిదా?" అని అడుగుతాడు. ఆ అడగడం ఎంత మెల్లగా అంటే, బాండుంగ్‌లోని ఉజుంగ్‌బెరుంగ్ బజారులో మోటారు సైకిళ్ళ రొదకి ఎవరికీ ఒక పట్టాన వినపడదు. వాళ్ళు "ఆఁ?" అంటారు. ఆయన మళ్ళీ అడగడు, తనకి తోచింది వేసి ఇచ్చేస్తాడు. ఉన్న గొంతంతా కుర్రతనంలోనే ఖర్చు పెట్టేశాడని, ముసలితనానికి కాస్తయినా దాచుకోలేదని భార్య ఎంతిన్ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఆ కుర్రతనంలో ఆయన 'తుప్పు మేకులు' అనే పంక్ బృందానికి పాటగాడు. పాటగాడు అనడం మర్యాదకి. మిగతావాళ్ళు గిటార్లూ డ్రమ్ములూ బాదుతుంటే మధ్యలో నిలబడి మెడ నరాలు ఉబ్బేలా అరిచేవాడు. ఇప్పుడు చేతుల మీది పచ్చబొట్లు పొడుగు చొక్కాలో దాక్కున్నాయి, జుట్టు పాటలకంటే ముందే పోయింది.

కొట్లో పంచదార డబ్బా పక్కన చిన్న రేడియో ఉంది. ప్రతి గురువారం సాయంత్రం పేట రేడియోలో మీర్నా అనే అమ్మాయి 'పాత గొంతులు' అని ఒక కార్యక్రమం చేస్తుంది. ఒకప్పటి పంక్ వాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి కబుర్లు చెప్పిస్తుంది. వాళ్ళు చెప్పేదానికి హద్దూ పద్దూ ఉండదు. ప్రతివాడూ బాండుంగ్‌లో మొట్టమొదట జుట్టు నిక్కబొడిపించింది తనేనంటాడు. ఒకాయన అందుకు కోడిగుడ్డు తెల్లసొన వాడానని కూడా చెప్పాడు. ఎంకుస్ ఆ మాటకి సురాబీ తిప్పడం మానేశాడు.

"గుడ్డు కొనే మొహమేనా వాడిది?" అన్నాడు రేడియోతో. "గంజి. అదీ మా అమ్మ చొక్కాలకి కాచిన గంజి."

"ఇక్కడ కాదు, అక్కడికెళ్ళి చెప్పు," అంది ఎంతిన్.

"పిలవాలిగా."

అదీ అసలు బాధ. ఏడాదిగా అందర్నీ పిలుస్తున్నారు. ఒక్క పాటైనా పాడని, వేరే వాళ్ళ డ్రమ్ములు రిక్షాలో మోసుకొచ్చిన వాడిని కూడా పిలిచి గంటసేపు మాట్లాడించారు. ఎంకుస్ పైకేమీ అనేవాడు కాదు గానీ, గురువారాల నాడు సురాబీలు కాస్త మాడేవి.

తీరా పిలుపు ఎప్పుడొచ్చిందయ్యా అంటే, కూతురు రెస్తి పెళ్ళి ఇంకో మూడు రోజులుందనగా వచ్చింది. అంతకంటే చెడ్డ ముహూర్తం ఆ రేడియోవాళ్ళు వెతికినా దొరికేది కాదు.

ఎందుకంటే, తుప్పు మేకులకి ఊరంతా తెలిసిన పాట ఒక్కటే ఉంది. ఎప్పుడో ఆగస్టు స్వాతంత్ర్యదినం పండక్కి ఆ పేట బ్యాడ్మింటన్ కోర్టులో వాళ్ళు కచేరీ పెట్టారు. రెండో పాట మధ్యలో పేటపెద్ద కోససీ విసురుగా వచ్చి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా ప్లగ్గు పీకేసి వెళ్ళిపోయాడు. ఆ ఉక్రోషంతో మర్నాడు పొద్దున్నే పాట కట్టారు. కట్టడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. "పెట్టవయ్యా కోససీ, ప్లగ్గు పెట్టవయ్యా" అని ఒకే ముక్క, ఊపిరి అయిపోయేదాకా. ఆ ముక్క క్యాసెట్లకెక్కి ఊరంతా పాకింది. ఈనాటికీ ఉజుంగ్‌బెరుంగ్‌లో కరెంటు పోతే, ఆ పాట పుట్టాక పుట్టినవాళ్ళు కూడా వీధుల్లోకొచ్చి కోససీని ప్లగ్గు పెట్టమని అరుస్తారు.

రెస్తి మనసుపడిన కుర్రాడు విల్దాన్ తండ్రి ఆ కోససీయే. ఆయన ఈ పేట వదిలి ఊరి అవతలికి మారిపోయి, మక్కా వెళ్ళొచ్చి, పాక్ హాజీ అనిపించుకున్నాడు. పిల్లనడగడానికి తెల్ల టోపీ పెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూడగానే ఎంకుస్ గుర్తుపట్టాడు. సలాం చెప్పి, ఆ పూటంతా టీ గ్లాసు వెనక దాక్కున్నాడు. వాళ్ళు వెళ్ళాక ఎంతిన్ తలుపు మూసి, నీ నోటి మూలంగా ఈ సంబంధం తప్పిపోయిందంటే నువ్వు వెళ్ళి ఆ రేడియోతోనే కాపురం చేసుకోమంది. ఆవిడ వేళాకోళానికి అన్నది కాదు.

అయినా వెళ్ళాడు. ఏడాదిపాటు ఎదురుచూసిన మనిషి ఎలా వెళ్ళకుండా ఉంటాడు? ఆ పాట మాత్రం ఎత్తనని ఎంతిన్‌కి ఒట్టేశాడు. మీర్నాకి కూడా ముందే చెప్పాడు.

జిరాక్సు కొట్టు పైన ఒకే గది, అదే రేడియో కేంద్రం. బృందంలో గిటారు వాయించిన యయత్‌ని వెంటబెట్టుకెళ్ళాడు. యయత్ ఇప్పుడు టైర్లకి పంచర్లు వేస్తాడు, వేళ్ళు ఇంకా సరిగ్గానే పలుకుతాయి. మైకు ముందు కూర్చోగానే ఎంకుస్‌కి పాత ఊపిరేదో వచ్చింది. గంజి సంగతి చెప్పాడు. ఒక కచేరీలో ఆ జుట్టు వానకి తడిసి కళ్ళలోకి కారి గుడ్డివాడిలా పాడిన సంగతి చెప్పాడు. వాళ్ళమ్మ కచేరీకొచ్చి, మొదటి వరసలో నిలబడి, మధ్యలో నీళ్ళ సీసా అందించిన సంగతీ చెప్పాడు. మీర్నా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ అరగంట ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో చూస్తే, ఏడాది కినుక తీరడానికి అది చాలుననిపిస్తుంది.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మొదటివాడు ఆ పాటే అడిగాడు. రెండోవాడూ అదే. ఎంకుస్ మాటలు మర్చిపోయానన్నాడు. మొత్తం పాటే ఒక ముక్క, దాన్ని మర్చిపోయాననడం తన పేరు మర్చిపోయాననడంతో సమానమని యయత్ మైకులోనే గొణిగాడు. నలుగురూ బతిమాలేసరికి ఎంకుస్ మెత్తబడి, పేరు తీసేసి, "పెట్టండి పెద్దాయనా, దయచేసి పెట్టండి" అని జోలపాటలా పాడాడు. వింటున్నవాళ్ళు నొచ్చుకున్నారు.

అప్పుడు ఇంకో ఫోను. గొంతు పెద్దది, తొందర లేనిది.

"నేను హాజీ కోససీని. ఆ పాట మాటలు నాకు బాగా గుర్తున్నాయి. వచ్చి చెబుతాను, ఆయన్ని కదలనివ్వకండి."

ఫోను పెట్టేశాడు. మీర్నా ఏవో ప్రకటనలు వేసింది. ఇంతలో ఎంకుస్ జేబులో ఫోను మోగింది, ఎంతిన్ సందేశం. 'రెస్తి నాన్నా, పాక్ హాజీ బండెక్కి బయల్దేరాడట. పిల్ల ఏడుస్తోంది.' అది చదివి, మెట్ల మీద దిగిపోదామని లేచాడు. యయత్ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

హాజీ లుంగీతోనే వచ్చాడు, అద్దె మోటారు సైకిలువాడి హెల్మెట్ తియ్యడం కూడా మర్చిపోయి. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా అందరూ ఆయన మొహం చూస్తూ కూర్చున్నారు. ఎంకుస్ లేచి నిలబడి రెండు చేతులూ చాచాడు.

"పాక్ హాజీ, నన్నేమన్నా అనండి. పిల్లల జోలికి మాత్రం వెళ్ళకండి. ఆ పాట నాది, మా అమ్మాయిది కాదు."

"నీదని నాకు తెలియదా ఎంకుస్? మీ గుమ్మంలో నువ్వు సలాం చెప్పినప్పుడే గొంతు గుర్తుపట్టాను," అన్నాడు హాజీ, ఆయన చేతులు పట్టుకుని. "ఇవాళ చెబుతావు, రేపు చెబుతావని చూస్తున్నాను. నువ్వేమో టీ తాగుతూ కూర్చున్నావు."

తర్వాత మైకు దగ్గరికి జరిగి, అందరూ వినేలా చెప్పాడు. మక్కాలో వరసలో నిలబడితే, వెనక బాండుంగ్ మనిషొకడు పేరడిగి, 'ప్లగ్గు కోససీ మీరేనా?' అని కాళ్ళకి దణ్ణం పెట్టినంత పనిచేశాడట. ఊళ్ళో తనకంటే గొప్ప హాజీలున్నారు, పాట ఉన్నది తనొక్కడికేనట. ఇవాళ అందులోంచి తన పేరు తీసేసి ఎవరో పెద్దాయన అంటే, ఒళ్ళు మండి బండెక్కాడు.

"మరి ఆ రోజు ప్లగ్గెందుకు పీకారు, పాక్ హాజీ?" అని అడిగింది మీర్నా.

"మా నెలల పిల్లాడు జ్వరంతో రాత్రీ పగలూ ఏడ్చి, అప్పుడే కాస్త నిద్రలోకి జారాడమ్మా. కోర్టు గోడవతల మా ఇల్లు. వాడు లేస్తాడని పరిగెత్తుకొచ్చాను." ఆగి, ఎంకుస్ వంక చూశాడు. "వాడే మీ అల్లుడు."

ఎంకుస్ కళ్ళు నిండిపోయాయి. ఆయన దాన్ని దాచుకోలేదు కూడా. తన బతుకులో జనం మెచ్చిన ఆ ఒక్క పాటా కాబోయే అల్లుడి నిద్ర కోసం పుట్టిందన్నమాట.

"ఏడవకు, పాడు," అన్నాడు హాజీ. "సరిగ్గా పాడు. పేరుతో."

యయత్ తీగలు మీటాడు. ఎంకుస్ మెడ నరాలు ఉబ్బాయి. ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టాడో ఏమో, ఆ గొంతు గదిలో గాజు పలకల్ని అదరగొట్టింది. రెండో చుట్టులో హాజీ మెల్లగా గోడ దగ్గరికి నడిచి, అందరూ చూస్తుండగానే, ప్లగ్గు పీకేశాడు.

మైకు చచ్చింది, గిటారు చచ్చింది. పేటలో ప్రతి రేడియోలోనూ ఒక్క సుయ్యిమనే చప్పుడు మిగిలింది. కొట్లో ఎంతిన్, పాడమన్నాయనకే మళ్ళీ కోపమొచ్చి సంబంధం పోయిందనుకుని కూలబడిపోయింది. మూకుళ్ళ మీది సురాబీలు ఎవరూ పట్టించుకోక పొగలు కక్కాయి.

గదిలో ఎంకుస్ హాజీ వంక చూశాడు. హాజీ ప్లగ్గు చేత్తో పట్టుకుని, ఊఁ కానీ అన్నట్టు గడ్డం ఎగరేశాడు. అప్పుడు ఎంకుస్, మైకు లేకుండానే, ఆ మాటలు ఎవరికోసం రాశాడో ఆయనకే ఎదురుగా నిలబడి పాడాడు.

"పెట్టవయ్యా కోససీ, ప్లగ్గు పెట్టవయ్యా."

హాజీ మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ వంగి, ఇరవై ఎనిమిదేళ్ళకి, ప్లగ్గు పెట్టాడు.