ఎదగని పెట్టెకు తొడుగు

అంతరిక్షంలో తిరిగే ప్రయోగశాల కోసం పనిచేశానంటే జనం కళ్ళింతలు చేసుకుంటారు. నాకు మాత్రం నడుం నొప్పే గుర్తొస్తుంది. బరువనేది తెలియని చోట నీళ్ళు ఎలా మరుగుతాయో చూసే పెట్టె మాది. బియ్యం డబ్బా అంత ఉంటుంది, అంతే. దానికోసం కోల్‌కతాలో ఆరేళ్ళు అరిగిపోయాను. పరీక్షల్లో నెగ్గితే పైకి వెళ్తుంది, లేదంటే దాని చోటు ఇంకో బృందానికి పోతుంది.

చివరికి మా చదువులన్నీ కుట్టుపని దగ్గర బోర్లాపడ్డాయి. ఎండా చలీ తగలకుండా పెట్టెకు వెండిరంగు పల్చటి పొరలతో తొడుగు కుట్టాలి. మా చేతుల్లో నాలుగు చిరిగేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. మా అమ్మని పిలుస్తానని మా బృందాన్ని నడిపే సార్‌తో అన్నాను. మాది ఓడరేవు దగ్గరి ఏక్‌బాల్‌పూర్, వలసొచ్చిన తెలుగు కుటుంబం. నాన్న ఓడల సరుకు దింపే కళాసీ. అమ్మ ఆ పక్కనే ఉన్న మెటియాబ్రుజ్ పేట దర్జీలకు ఇంట్లోనే పిల్లల గౌన్లు కుడుతుంది. సార్ బెంగాలీ ఆయన, మంచివాడే. "మీ అమ్మగారిని తీసుకురా, కాగితాల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

అమ్మ టోపీ, గ్లౌజులు వేసుకుని రెండు రోజుల్లో కుట్టేసింది. ఎంత చక్కని కుట్టో!

గాలి తీసేసిన గదిలో పెట్టి చూస్తే ఒక అంచున వేడి కారిపోతోంది. తొడుగు విప్పి తిరగేశాను. లోపల పొడవునా రెండు వేళ్ళ మడత. అక్కడ పొరలన్నీ నొక్కుకుపోయి వేడికి దారిచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేటమ్మా? లోపల ఇంత ఎందుకు వొదిలీసినావు?"

"వొదలకపోతే ఎలాగే? రేపు ఒళ్ళొస్తే ఇప్పుకోడానికి ఉండాల గదా!"

"పెట్టికి ఒళ్ళొస్తాదేటమ్మా? బుర్రుందా నీకు?" అని అందరి ముందూ అరిచాను. ఎదిగే పిల్లకి చోటు వదలకుండా కుట్టడం ఆ చేతికి తెలియదు మరి.

కుట్టు విప్పితే సూది బెజ్జాలు ఉండిపోతాయి, ఆ పొరలు ఇక పనికిరావు. మిగిలినవి ఒక్క తొడుగుకే సరిపోతాయి. అమ్మ మళ్ళీ కూర్చుంది. ఈసారి ప్రతి అంచు దగ్గరా ఆగి, "సాలా? ఇంకా కోసీమంటావా?" అని నన్ను అడిగింది. ముప్పై ఏళ్ళుగా కుడుతున్న మనిషి. నా నోరు పడిపోను అనుకున్నాను.

పెట్టె నెగ్గింది. అప్పుడొచ్చాయి కాగితాలు. తొడుగు కుట్టినవారి పేరు రాయాలట, వాళ్ళకు ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలట. లేకపోతే పెట్టె వెనక్కి. సార్ నా వంక చూడకుండా కాగితం నా ముందుకు జరిపి, "నీకు సర్టిఫికెట్ ఉందిగా" అన్నాడు. వాదించే ఓపిక లేదు. నా పేరే రాసి సంతకం పెట్టాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"కాయితాల్లో నా పేరు రాసినారేటే?"

"రాసినారమ్మా."

"తెలుగులోనా, ఇంగిలీసులోనా?"

"ఇంగ్లీషులోనే."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్కింటావిడకి చెప్పి వస్తానని చెప్పులు వేసుకుంది.